స్పృహ లేని మనిషి సంతకం

మేస్త్రి పడిపోయింది పదకొండూ నలభైకి. ఆయన సంతకంతో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ బయటికి వెళ్లింది పన్నెండూ ఐదుకి. తల పగిలి స్పృహ తప్పిన మనిషి ఇరవై అయిదు నిమిషాల తర్వాత సంతకం ఎలా పెట్టాడు?

డిటెక్టివ్ హాస్పిటల్లో అడుగుపెట్టేసరికి మూడూ ఐదయింది. కబురు పెట్టి పిలిపించిన సూపరింటెండెంట్ డాక్టరమ్మ కుర్చీ చూపించింది. డిటెక్టివ్ కూర్చోలేదు. గది ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే సంగతంతా విన్నది.

పాడైన యంత్రాలు బాగుచేసే ఆ మనిషిని హాస్పిటల్లో అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. రోగి ఒంట్లోకి మందు గంటకు ఎంత ఎక్కాలో అంతే ఎక్కించే సెలైన్ పంపులు కొనే స్తోమత చిన్న హాస్పిటళ్లకు ఉండదు. పధ్నాలుగేళ్ల కిందట మేస్త్రి మూలపడ్డ పాత పంపులకు అరచేతిలో పట్టేంత బోర్డు తగిలించి, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ రాశాడు. రాసి దాచుకోలేదు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బాగుచేస్తే ఆ బాగుచేసింది మళ్లీ అందరికీ ఇవ్వాలి అని చెప్పి ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఇప్పుడది ఆరువందల పైచిలుకు హాస్పిటళ్లలో నడుస్తోంది. దానికి ఆఫీసు లేదు, జీతాలు లేవు. ఈ హాస్పిటల్ లాండ్రీ వెనక షెడ్డు ఇచ్చింది. కాలేజీ కంప్యూటర్లు ఇచ్చింది. రిటైరైన లెక్కల మాష్టారు లెక్కలు సరిచూస్తాడు. పిల్లల వార్డు సిస్టర్ తీరిక దొరికినప్పుడల్లా పంపులు పరీక్షిస్తుంది. రెండేళ్ల కిందట పంపులు తయారుచేసే ఒక పెద్ద కంపెనీ ముందుకొచ్చి సర్వర్ ఇచ్చింది.

సంతకం పడిన కొత్త వెర్షన్ ఆరు గంటలు ఆగుతుంది. ఆలోగా మేస్త్రి, మాష్టారు, కంపెనీ, ఈ ముగ్గురిలో ఎవరు వద్దన్నా ఆగిపోతుంది. ఎవరూ వద్దనకపోతే అన్ని హాస్పిటళ్ల పంపులూ దాన్ని తీసుకుంటాయి. అంటే ఇవాళ సాయంత్రం ఆరూ ఐదుకి. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకే కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్ దాన్ని ఆపేశాడు. అందులో ఎవరో విషం కలిపారన్నాడు.

"ఆయన ఆపకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయంగా ఉంది," అంది డాక్టరమ్మ.

"ఆగినందుకు ఏమవుతుందో కూడా చూద్దాం డాక్టర్ గారూ," అంది డిటెక్టివ్, తలుపు తీస్తూ.

సిస్టర్ పిల్లల వార్డు బయట దొరికింది. ట్రే పట్టుకుని నడుస్తూనే జవాబులు చెప్పింది, డిటెక్టివ్ పక్కనే నడుస్తూ రాసుకుంది. పొద్దున తొమ్మిదింటికి మేస్త్రి, తనూ కలిసి షెడ్డులో ఎనిమిది పంపులు పెట్టారు. నాలుగింటిలో మూడు వారాలుగా హాస్పిటళ్లలో నడుస్తున్న పాత వెర్షన్, నాలుగింటిలో కొత్తది. గంటకు ఇరవై మిల్లీలీటర్ల చొప్పున ఒక్కోటీ ఒక్కో గాజు కొలగొట్టంలోకి నీళ్లు వదలాలి. పదకొండూ నలభైకి లాండ్రీలో మిషన్ ఒక విడత పూర్తయి ఆగినప్పుడు, షెడ్డులో దభీమని చప్పుడైందని అక్కడి పనివాడు చెప్పాడు. మేస్త్రి ఏదో పడేసుకున్నాడనుకుని అతను చూడలేదు. పదకొండూ యాభై ఐదుకి మేస్త్రి భార్య అన్నం తీసుకొచ్చి, నేల మీద ఆయన్ని చూసి వార్డుకి పరుగెత్తుకొచ్చింది. పన్నెండింటికి స్ట్రెచర్ వెళ్లింది.

అక్కడ సిస్టర్ ట్రే కిటికీ గట్టు మీద పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"అక్క స్ట్రెచర్ వెంట రాలేదు మేడమ్. షెడ్డులోనే ఉండిపోయింది. పది నిమిషాల తర్వాత వచ్చింది. వార్డంతా అదే మాట్లాడుకుంటున్నారు."

డిటెక్టివ్ ఆ మాట కింద గీత గీసింది. కొత్త వెర్షన్‌లో ఏం మారింది అని అడిగింది. అది తనకు తెలియదని, తన పని నీళ్లు కొలవడమేనని సిస్టర్ చెప్పింది. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, ఒక్కటి మాత్రం తెలుసంది. పంపు ఆన్ చేసినప్పుడు వచ్చే కూతకు వార్డులో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారని, క్యాంటీన్లో టీ తాగుతూ తనే మేస్త్రిని తిట్టిందట. ఈసారి మెత్తగా మోగేలా చేశానన్నాడట ఆయన.

అది ఎక్కడైనా రాశారా అని డిటెక్టివ్ అడిగింది. టీ తాగుతూ అన్నది ఎక్కడ రాస్తారు మేడమ్ అని సిస్టర్ నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

షెడ్డు దగ్గర హెడ్ కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. నిచ్చెన మీద నుంచి పడ్డాడు, ప్రమాదం అని రాసుకున్నామన్నాడు. లోపల పది అడుగుల నిచ్చెన గోడకు వాలి ఉంది. దాని కింద నేల మీద రక్తపు మరక. పై అరలో అట్టపెట్టెలు. డిటెక్టివ్ నిచ్చెనెక్కి చూసింది. పెట్టెల మీద దుమ్ము చెక్కుచెదరలేదు. దిగి, సాక్ష్యాల సంచీలో ఉన్న కళ్లద్దాలు అడిగి తీసుకుంది. ఒక అద్దం పగిలిపోయింది. రెండో దాంట్లోంచి తన నోటుబుక్కు చూసింది. అక్షరాలు పెద్దవయ్యాయి. గుమ్మం వైపు చూసింది. హెడ్ కానిస్టేబుల్ మొహం అలుక్కుపోయింది.

ఇవి చదువుకునే కళ్లద్దాలు. వీటితో నిచ్చెన ఎక్కితే మెట్టు ఎక్కడుందో కనపడదు. ఇవి పెట్టుకున్నవాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాడు. అంటే నిచ్చెన తర్వాత వచ్చింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

బల్ల మీద ఎనిమిది పంపులూ ఆగి ఉన్నాయి. ఒక్కోదాని మీద టేపు ముక్క, దాని మీద పెన్నుతో పాత, కొత్త అని రాసి ఉంది. 'పాత' గొట్టాల్లో నీళ్లు డెబ్బై అయిదు గీత మీద ఉన్నాయి. 'కొత్త' గొట్టాల్లో తొంభై ఏడు.

"చూసుకున్నారా?" అని వెనక నుంచి గొంతు వినిపించింది.

సెక్యూరిటీ ఆఫీసర్. ఎనిమిదేళ్ల కిందట ఇద్దరూ ఒకే స్టేషన్లో పనిచేశారు. ఆమె కేసు తేల్చేది, అతను పై అధికారుల ముందు చదివి వినిపించేవాడు. తర్వాత అతను కంపెనీలో చేరాడు, ఆమె సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఒకరిని చూస్తే ఒకరికి ఇప్పటికీ ఒళ్లు మంట.

పన్నెండూ నలభై అయిదుకి డాక్టరమ్మ ఎదురుగానే పంపులు ఆపించానని అతను చెప్పాడు. మూడూ ముప్పావు గంటలకు డెబ్బై అయిదు రావాలి, కొత్తది తొంభై ఏడు ఎక్కించింది, గుండె మందు అలా ఎక్కితే మనిషి దక్కడన్నాడు. దోషి ఎవరో కూడా తేల్చేశాడు. రెండేళ్లుగా 'పిచ్చుక' అనే పేరుతో ఎవరో ఈ సాఫ్ట్‌వేర్‌కి దిద్దుబాట్లు పంపుతున్నారు. మొహం ఎవరూ చూడలేదు, ఊరు తెలియదు. ఈ కొత్త వెర్షన్‌లో మందు వేగానికి సంబంధించిన మార్పులన్నీ ఆ పిచ్చుక రాసినవే. ఈ షెడ్డుకి కరెంటు తీయించి కంప్యూటర్లు తీసుకెళ్లడానికి వ్యాన్ రప్పిస్తున్నానన్నాడు.

"కరెంటు తీస్తే ఊరుకోను," అంది డిటెక్టివ్.

"ఎవరి తరఫున? ఈ సర్వర్ మాది."

"సర్వర్ మీది. షెడ్డు హాస్పిటల్‌ది. పగిలిన తల మేస్త్రిది. మీరు గేటు దగ్గర ఎన్నింటికి సంతకం పెట్టారు?"

పన్నెండూ ఇరవై ఎనిమిది అన్నాడు, రిజిస్టర్ చూసుకోమన్నాడు. ఆమె అప్పటికే చూసింది. లాండ్రీ బట్టల బండి వచ్చే వెనక దారిలో మాత్రం రిజిస్టర్ లేదు. గేటు నుంచి షెడ్డుకి నాలుగు నిమిషాల నడక. డాక్టరమ్మ వచ్చేదాకా పదమూడు నిమిషాలు అతను ఇక్కడ ఒక్కడే ఉన్నాడు.

నాలుగూ పదికి మాష్టారు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, గేటు నుంచి నడిచొచ్చి ఆయాసపడుతున్నాడు. పదకొండూ ముప్పై ఆరుకి మేస్త్రి తనకు ఫోన్ చేశాడని చెప్పాడు. 'దొంగ లెక్క దొరికింది మాష్టారూ, సంతకం చేసేస్తున్నా' అని పెట్టేశాడట. దొంగ ఎవరన్నది చెప్పలేదు. ఇప్పుడు గొట్టాలు చూసి అది పిచ్చుకేనని మాష్టారూ అనుకున్నాడు. అనుకున్నాడు కానీ మనసు ఒప్పడం లేదన్నాడు.

"లెక్క చేసే తీరులో మనిషి తెలుస్తాడమ్మా. పిచ్చుకది శుభ్రమైన చెయ్యి. రెండేళ్లలో ఒక్కసారి కూడా గొప్పలకు పోలేదు."

పిచ్చుక ఏ వేళల్లో రాస్తుందని డిటెక్టివ్ అడిగింది. మాష్టారు ఫోన్లో పాత ఉత్తరాలన్నీ తిరగేశాడు. పొద్దున తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా. పదకొండున్నర నుంచి ఒంటిగంట మధ్య రెండేళ్లలో ఒక్కటి కూడా లేదు. ఇంకో విచిత్రం చెప్పాడు. తాత్కాలికంగా చేసిన మార్పులను పిచ్చుక 'కచ్చా కుట్టు' అని రాస్తుంది. ఆ మాట తను ఏ కంప్యూటర్ పుస్తకంలోనూ చూడలేదట.

డిటెక్టివ్ నోటుబుక్కు మూసేసింది. గట్టి కుట్టు పడేదాకా బట్ట జరగకుండా వేసే వదులు కుట్టు అది. కుట్టుపని చేసేవాళ్ల నోట్లో తప్ప వినపడదు. పదకొండున్నరకు పని ఆపేసి, అన్నం సర్దుకుని బయల్దేరే మనిషి ఎవరు?

ఐసీయూ బయట బెంచీ మీద మేస్త్రి భార్య కూర్చుని ఉంది. చూపుడువేలి చివర సూది గుచ్చుకున్న పాత మచ్చలు. ఏం పని చేస్తారమ్మా అంటే ఇంట్లోనే ఎంబ్రాయిడరీ మిషన్ నడుపుతానంది. కంప్యూటర్‌తో నడిచే మిషన్, డిజైన్ తనే రాసుకుంటుంది.

డిటెక్టివ్ ఆమె పక్కన కూర్చుంది. ఆ రోజు ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"స్ట్రెచర్ వెంట ఎందుకు వెళ్లలేదు, పిచ్చుకా?"

ఆమె ఐసీయూ తలుపు వైపు చూసింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. డిజైన్లు రాయడం అలవాటయ్యాక ఒకరోజు భర్త పెట్టిన సాఫ్ట్‌వేర్ తెరిచి చూసింది. ఒక చోట తప్పు కనపడింది. నేరుగా చెబితే నవ్వుతాడేమోనని మారుపేరుతో దిద్ది పంపింది. ఆ సాయంత్రం అన్నం తింటూ ఆయన పిచ్చుకను ఒకటే మెచ్చుకున్నాడు. ఆ ముచ్చట పోగొట్టుకోలేక ఆమె చెప్పలేదు. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇంట్లో అదే గదిలో, ఆయన ఒక మూల, ఆమె ఒక మూల కూర్చుని, ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నట్టు రెండేళ్లు నడిచింది.

పరీక్ష బల్ల మీద బోర్డుల్లో తేదీని మేస్త్రి ఎప్పుడూ రెండు రోజులు ముందుకు పెడతాడు, ఎల్లుండి తప్పు ఇవాళే తెలియాలని. నిన్న అలాగే పాత వెర్షన్ వేగం పెంచుతోందని తేలింది. మూడు వారాల కిందట కంపెనీ ఇంజనీర్లు పంపిన ఒక మార్పులో అది దాగి ఉంది. ఇవాళ తేదీ మారేదాకా పడుకుని, అర్ధరాత్రి దాటగానే లేస్తుంది. పిచ్చుక రాసింది దానికి విరుగుడు.

"తలుపు తీసేసరికి నేల మీద ఉన్నారు. కళ్లు తెరిచారు. నన్ను చూసి 'పిచ్చుకా, పంపించెయ్' అన్నారు." ఆమె కొంగున ముడేసిన తాళం తీసి చూపించింది. "ఆయనకు తెలుసు మేడమ్. ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు. మెళ్లో ఉన్న తాళం తీసి నా చేతిలో పెట్టి, అంకెలు చెప్పి, మళ్లీ కళ్లు మూసేశారు."

ఆ తాళం వేలెడంత ప్లాస్టిక్ ముక్క. కంప్యూటర్‌కి గుచ్చి అంకెలు కొడితే సంతకం పడుతుంది. ఆయన్ని తీసుకెళ్లాక ఆమె సంతకం పెట్టి, పంపుల మీద టేపులూ గొట్టాల్లో నీళ్లూ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని వచ్చింది. ఈ బెంచీ మీదే కూర్చుంది. దాన్ని ఆపేశారని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

డిటెక్టివ్ చెప్పింది. ఆమె చటుక్కున లేచి నిలబడింది.

ఐదూ ఇరవైకి షెడ్డులో ఆరుగురున్నారు. వ్యాన్ వచ్చి బయట నిలబడింది. ఆఫీసర్ చేతి గడియారం చూసుకుంటున్నాడు. డిటెక్టివ్ సిస్టర్ని పిలిచి, ఒక 'కొత్త' పంపు ఆన్ చేయమంది. సిస్టర్ మీట నొక్కింది. షెడ్డు గోడలు అదిరేలా కూత వినపడింది. తర్వాత ఒక 'పాత' పంపు ఆన్ చేయమంది. పిల్లి నడిచినంత మెత్తగా మోగింది.

సిస్టర్ రెండు పంపులనూ మార్చి మార్చి చూసింది. "టేపులు తారుమారయ్యాయి," అంది.

డిటెక్టివ్ కూత సంగతీ, మేస్త్రి భార్యే పిచ్చుక అన్న సంగతీ, మేస్త్రి కళ్లు తెరిచి అంకెలు చెప్పిన సంగతీ వివరంగా చెప్పింది. ఎక్కువ ఎక్కించింది పాతది. సరిగ్గా ఎక్కించింది కొత్తది. పన్నెండూ పదికి మేస్త్రి భార్య షెడ్డు వదిలే వేళకు టేపులు సరిగ్గానే ఉన్నాయి. నలభై అయిదుకి తారుమారయ్యాయి. ఆ మధ్య ఇక్కడ ఉన్నది ఆఫీసర్ ఒక్కడే. ఈ ఉచిత పంపుల మీద నమ్మకం పోతే అమ్ముడుపోయేవి కంపెనీ పంపులే. మాష్టారు బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయాడు.

ఆఫీసర్ నవ్వాడు. సంతకం దొంగిలించిన ఆడమనిషిని వదిలేసి తన మీద పడ్డారన్నాడు. భర్త లేచే స్థితిలో లేడని తెలిసే ఇదంతా అల్లిందన్నాడు.

"కుర్చీలో కూర్చున్న మనిషిని వెనక నుంచి కొడితే, పావుగంట తర్వాత కళ్లు తెరిచి అంకెలు చెప్పాడంటే మీరు నమ్ముతారా?"

"కుర్చీలోనా?" అంది డిటెక్టివ్. "నిచ్చెన మీద నుంచి పడ్డాడని కదా పోలీసులు రాసుకున్నారు. ఈ గదిలో కుర్చీ అన్నది మీరొక్కరే."

గుమ్మం దగ్గర నుంచి హెడ్ కానిస్టేబుల్ వచ్చి ఆఫీసర్ భుజం మీద చెయ్యి వేశాడు. ఆఫీసర్ జేబులోంచి ఫోన్ తీసి, ఎవరికో రెండు ముక్కలు చెప్పాడు. 'సర్వర్ కట్టేయండి' అన్నాడు. ఫోన్ లాక్కునేలోపు ఆ పని అయిపోయింది.

"మా వస్తువు మేము వెనక్కి తీసుకున్నాం. ఇప్పుడు ఏం పంపుతారో పంపుకోండి," అన్నాడు.

మాష్టారు అతని వైపు కూడా చూడలేదు. కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆపినదాన్ని వదలాలంటే మిగతా ఇద్దరి సంతకాలూ కావాలి. తనది పెట్టాడు. మేస్త్రి భార్య తాళం గుచ్చి అంకెలు కొట్టింది. అప్పుడు మాష్టారు డిటెక్టివ్‌తో చెప్పాడు. అందరిదీ అయిన వస్తువు ఒక్కరి ఇంట్లోనే ఉండకూడదని మేస్త్రి పధ్నాలుగేళ్లుగా దీని నకళ్లు పంచుతూనే ఉన్నాడట. కాలేజీలో ఒకటి, బ్లడ్ బ్యాంకులో ఒకటి, మాష్టారు పాత స్కూల్లో ఒకటి, ఎక్కడెక్కడో మరో ఎనిమిది. కంపెనీ సర్వర్ పలకకపోతే పంపులు ఆ పదకొండు తలుపులూ వరసగా తడతాయి.

కొత్త వెర్షన్ అక్కడి నకలులో పెట్టమని ఆయన కాలేజీకి ఫోన్ చేశాడు. సిస్టర్ బ్లడ్ బ్యాంకులో తన తోడికోడలికి చేసింది. మేస్త్రి దగ్గర పని నేర్చుకుని వేరే ఊళ్లకు వెళ్లిన రిపేరు వాళ్లకు డాక్టరమ్మ చేసింది. డిటెక్టివ్ తలుపుకీ బల్లకీ మధ్య తిరుగుతూ నిమిషాలు లెక్కపెట్టింది. ఆరూ ఐదయింది. తెర ఖాళీగానే ఉంది. ఆరూ ఆరు. ఆరూ ఏడుకి మొదటి హాస్పిటల్ పేరు పడింది. వెంటనే రెండోది, పదోది, తర్వాత చదవలేనంత వేగంగా.

మేస్త్రి భార్య పమిటతో కళ్లు తుడుచుకుంది. ఆయనకు చెప్పి వస్తానంది.

అప్పుడు డిటెక్టివ్‌కి ఒక ప్రశ్న తోచింది. మేస్త్రి పంపుల మీద అనుమానం వచ్చాక, మధ్యాహ్నం నుంచి ఈ హాస్పిటల్లో రోగులకు మందు ఏ పంపులతో ఎక్కిస్తున్నారు?

డాక్టరమ్మ సమాధానం చెబుతూ చెబుతూనే తడబడింది. మేస్త్రి పంపులన్నీ తీయించేశారు. రెండింటికి కంపెనీ కొత్త పంపులు పంపింది. డబ్బులు వద్దన్నారు, మీ రోగుల కోసం అన్నారు.

డిటెక్టివ్ మిగతాది వినలేదు. వరండా దాటి, రెండేసి మెట్లు ఎక్కుతూ ఐసీయూకి పరుగెత్తింది. మేస్త్రి భార్య ఆమెను దాటి ముందు వెళ్లింది. మంచం పక్కన తెల్లటి కొత్త పంపు మెరుస్తోంది. చీటీ మీద డాక్టరు రాసింది గంటకు నాలుగు. పంపు మీద అంకె నలభై. మేస్త్రి పెదవులు నీలంగా మారుతున్నాయి.

మేస్త్రి భార్య మీటల జోలికి పోలేదు. గొట్టాన్ని వేళ్లతో మడిచి నొక్కి పట్టుకుంది. వెనకే వచ్చిన సిస్టర్ సూది నుంచి గొట్టం ఊడదీసి డాక్టరు కోసం కేకేసింది.

గొట్టం ఊడినా పంపు తిరుగుతూనే ఉంది. చుట్టూ ఉన్న ముగ్గురూ చూస్తుండగానే అంకె నలభై నుంచి అరవై అయింది. అరవై నుంచి తొంభై. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆఫీసర్ ఫోన్ హెడ్ కానిస్టేబుల్ జేబులో ఉంది, ఆఫీసర్ చేతులకు బేడీలున్నాయి. కంపెనీలో ఇంకెవరో దూరం నుంచి దీన్ని నడుపుతున్నారు.

"ఇలాంటివి ఎన్ని ఇచ్చారు?" అని అడిగింది డిటెక్టివ్.

"పన్నెండు," అంది సిస్టర్. "ఎనిమిది పిల్లల వార్డులో పెట్టాం."

ఆ మాట పూర్తయ్యేసరికి డిటెక్టివ్ మెట్ల మీద ఉంది.